సున్న పక్కన గీత

మా మేస్త్రీ పోయి నెలన్నర అయింది. ఆ వార్త నాకు ఫోన్‌లో అందింది. అప్పుడు నేను ఒక లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. జాకీ మీద గేర్‌బాక్స్ సగం దూరం ఎక్కి ఉంది. ఉదయం తొమ్మిది కూడా కాలేదు. ఫోన్ చేసింది మేస్త్రీ భార్య. మా షెడ్డుకు వచ్చేవాళ్ళందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు. "మీ మేస్త్రీ లేవలేదప్పా. కాఫీ అట్లే చల్లారిపోయింది," అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మీరు నన్ను తిట్టుకున్నా సరే, నేను వెంటనే లేచి పరిగెత్తలేదు. వేలాడుతున్న గేర్‌బాక్స్‌ను వదిలిపెట్టి షెడ్డు దాటకూడదన్నది ఆయన పెట్టిన నియమం. ఎంత ముంచుకొచ్చినా సరే, దాన్ని లోపలికైనా తొయ్యాలి, కిందికైనా దించాలి, ఆ తర్వాతే కదలాలి. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకో పావుగంట దానితోనే ఉన్నాను. అది కూర్చున్నాక రెండు బోల్టులు వేసి, అప్పుడు వాళ్ళింటికి నడిచాను. రెండు వీధుల అవతలే. గుమ్మంలో అక్క నా నల్లటి చేతులు చూసి, పని ముగించే వచ్చావు కదా అని అడిగింది. ఊఁ అన్నాను. అయితే సరేనని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. ముఖం కన్నా ముందు నా చూపు చేతుల మీదికి పోయింది. తెల్లగా ఉన్నాయి. నలభై ఏళ్ళు గ్రీజులో నానిన చేతులవి. రోజూ సాయంత్రం రంపపు పొట్టులో సబ్బు పొడి కలిపి ఎంతసేపు రుద్దుకున్నా అరచేతి గీతల్లో ఇంకిన నలుపు పోయేది కాదు. పని మానేసిన ఏడాదిన్నరలో అదంతా దానంతటదే పోయింది. ఎవరివో చేతులు తెచ్చి పెట్టినట్టు అనిపించింది. అక్కడ కూలబడి ఏడ్చాను, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. కానీ ఏం రాయబోయినా నేను ఆయనకు చెప్పకుండా దాచిన ఒక సంగతి దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఆయన బతికుండగా దాన్ని చెప్పెయ్యాలని ఎన్నోసార్లు వెళ్ళి, చెప్పకుండానే తిరిగొచ్చాను. కనుక ఇది ఆయన్ని తలచుకోవడమూ అవుతుంది, నా తప్పు ఒప్పుకోవడమూ అవుతుంది.

మాది పలమనేరు దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళు లారీ తోలాను. ముప్పై మూడో ఏట కళ్ళు మొరాయించాయి. ఎదురు బండ్ల వెలుతురుకు చూపు తేలిపోతోందని, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. నాకు ఇంకో పని రాదు. బెంగుళూరు నుంచి హోసూరు పోయే రోడ్డులో, అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగే చోట ఆయన షెడ్డు. నా బండి అంతకుముందు రెండు మూడుసార్లు అక్కడ బాగుచేయించుకున్న పరిచయం ఉంది. ఆ కాస్త పరిచయం పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాణ్ణి, ఈ వయసులో పని నేర్పమని అడగడానికి నోరు రాలేదు. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఇన్నేండ్లు క్లచ్చు తొక్కి తొక్కి చెడగొట్టినావు. ఇంక బాగుచేద్దువు రాప్పా," అన్నారు.

నన్ను పనిలో పెట్టుకోవడం అంతటితో అయిపోయింది.

ఆయన బెంగుళూరులోనే పుట్టి పెరిగిన పాతకాలపు తెలుగు మనిషి. మాట తెలుగులో మొదలై కన్నడంలో తేలేది. మారతహళ్ళిలో కంప్యూటరు ఉద్యోగం చేసే మా బావమరిది ఒకసారి షెడ్డుకు వచ్చి, ఆయన మాటలు అందక నా ముఖం చూశాడు. వాడు వెళ్ళాక మేస్త్రీ నవ్వుకున్నారు. ఆయప్ప ఇంగ్లీషు నాకూ తెలీలేదులే, సరికి సరి అన్నారు. చదువుకున్నవాళ్ళంటే ఆయనకు గౌరవమే కానీ భయం లేదు. కోపం వస్తే అరిచేవారు కాదు, ముక్కు గోక్కునేవారు. ఆయన ముక్కు కొసన ఎప్పుడూ నల్లటి మచ్చ ఉండేది. దాన్ని బట్టి ఆ రోజు నేను ఎన్ని తప్పులు చేశానో అక్క లెక్క కట్టేది.

క్లచ్చు మార్చే పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి మీకు అందదు. లారీలో ఇంజను వెనక గేర్‌బాక్స్ ఉంటుంది. రెండింటి నడుమ క్లచ్చు ప్లేటు. ప్లేటు అరిగిపోతే గేర్‌బాక్స్ మొత్తాన్ని విప్పి, వెనక్కి లాగి, కిందికి దించి, కొత్త ప్లేటు బిగించి, మళ్ళీ దాన్ని పైకెత్తి ఇంజనుకు ఆనించాలి. దించడం ఎవరైనా దించుతారు. ఎక్కించడంలోనే ఉంది కష్టమంతా. గేర్‌బాక్స్ ముందు నుంచి మోచేతి పొడవు షాఫ్టు ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. అది ప్లేటు నడిమి రంధ్రంలోంచి దూరి, అవతల ఇంజనులో ఉన్న చిన్న బేరింగులోకి పోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పోదు. రెండు వేళ్ళ సందు మిగిలిపోయి అక్కడే నిలబడిపోతుంది. అన్నీ సరిగ్గా ఉంటే మాత్రం ఇద్దరు మనుషులు చేతులతో తోస్తే చాలు, జారుకుంటూ పోయి టక్‌మని కూర్చుంటుంది.

ఆ టక్ వినడానికి ఆయన షెడ్డులో రేడియో కట్టేయించేవారు. డ్రైవర్లను మాటలు ఆపమనేవారు. రోడ్డు మీద లారీల మోత ఎటూ ఆగదు, అయినా ఆ చప్పుడు ఆయనకు వినబడేది. విన్నాక గేర్‌బాక్స్ మీద అరచెయ్యి ఆనించి ఒక్క నిమిషం అలాగే ఉండేవారు. ఎందుకలా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను చేరిన మొదటి నెలలోనే నా బుద్ధి బయటపడింది. ఆ రోజు ఆయన బెంగుళూరు చిక్కపేట బజారుకు వెళ్ళారు. ఏడాదికోసారి బస్సెక్కి అక్కడికి వెళ్ళి ఒక చిన్న డబ్బా పసుపు పెయింటు, ఒక కుంచె కొనుక్కొచ్చేవారు. ఆయన లేనప్పుడు ఒక గేర్‌బాక్స్ ఎక్కిస్తున్నాను. రెండు వేళ్ళ సందు మిగిలింది. అటు కదిపాను, ఇటు కదిపాను, పోలేదు. డ్రైవరు బుద్ధి కదా, తొందర ఎక్కువ. నాలుగు పొడుగాటి బోల్టులు వేసి చుట్టూ బిగిస్తూ వచ్చాను. సందు తగ్గుతూ వచ్చింది. భలే ఉపాయం కనిపెట్టానని నాలో నేనే మురిసిపోయాను. ఇంకో చుట్టు తిప్పేసరికి ఫట్‌మని పోత ఇనుము పగిలి, బోల్టు పట్టే చెవి ముక్క నా ఛాతీ మీద పడింది.

మేస్త్రీ పెయింటు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చారు. చూశారు. ముక్కు గోక్కున్నారు. గేర్‌బాక్స్ దింపించి లోపల వెతికారు. ఇంజనులోని చిన్న బేరింగు నేను సరిగ్గా కొట్టకపోవడం వల్ల ఓరగా కూర్చుని ఉంది. షాఫ్టు పాపం దారి లేక ఆగింది, నేను దాన్ని బలవంతంగా ఈడ్చాను. ఆయన ఆ పగిలిన ముక్కను నా చేతిలో పెట్టారు.

"బోల్టు ఉండేది పట్టుకునేదానికప్పా, లాగేదానికి కాదు. అది పోనంటా ఉండాదంటే మనకు ఏమో చెప్తా ఉండాది. సల్ప ఆలకించు."

ఆ తర్వాత, బండి మనిషి ముందు నిలబడి జరిగింది నా నోటితో చెప్పమన్నారు. మా షెడ్డులో వాడుక అది. ఎవరి చేతి తప్పు వాళ్ళ నోటితో బయటికి రావాలి. వచ్చిన తర్వాతే అందరికీ టీ. చెప్పేదాకా టీ గ్లాసులు అలాగే ఉంటాయి, మీగడ కట్టినా ఎవరూ ముట్టుకోరు.  చెవి పగలగొట్టింది నేనే అని చెప్పాను. బండి మనిషి నన్ను తిట్టబోతే మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టి, చెప్పినాడు కదా, ఇంక నేను చూసుకుంటా అన్నారు. టీ చేతికి ఇచ్చారు. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ వాడుక నా ఒక్కడికే అనుకునేరు, ఆయనకూ అదే. ఒకసారి ఆయనే లోపల తుడిచిన గుడ్డ మరిచిపోయి మూసేశారు. మధ్యలో గుర్తొచ్చి మళ్ళీ దింపించారు. నా ముందూ, ఆ డ్రైవరు ముందూ చేతులు కట్టుకుని నిలబడి, గుడ్డ మరిచింది నేనే అని చెప్పారు. అప్పుడే టీ గ్లాసు అందుకున్నారు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆయన ముఖంలో సిగ్గు లేదు, దుఃఖమూ లేదు. చేతులు కడుక్కున్నంత మామూలుగా ఉన్నారు.

ఇక ఆ పసుపు పెయింటు సంగతి. దాన్ని ఆయన రెండు పనులకు వాడేవారు. కొత్త ప్లేటు పెట్టి, దాని మీద మూతలాగా వచ్చే ప్రెషర్ ప్లేటును బోల్టులతో బిగించాక, ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క ఇనుము మీదికి ఒక్కటే గీత గీసేవారు. ఆ బోల్టు ఎప్పుడు కొంచెం కదిలినా గీత తెగి కనిపిస్తుంది. రెండోది, క్లచ్చును కప్పే భాగం ఒకటి గేర్‌బాక్స్ ముందు పెద్ద ఇనుప గిన్నెలాగా ఉంటుంది. మూసే ముందు ఆ గిన్నె లోపలి గోడ మీద, పని చేసినవాళ్ళు తమ గుర్తు వెయ్యాలి. పాత గుర్తును డీజిల్ గుడ్డతో తుడిచేసి కొత్తది వెయ్యాలి. మళ్ళీ ఏడాదికో రెండేళ్ళకో దాన్ని తెరిచినప్పుడు అది ఎవరి చేతి పనో తెలియాలి. ఆయన గుర్తు సున్న. నాది నిలువు గీత. పేరే రాసుకోవచ్చు కదా అంటే, పేరు రాస్తే పెద్దరికం అవుతాదప్పా, గుర్తు చాలు అనేవారు. మనుషులెవరూ చూడని చోట, చీకట్లో ఉండే గుర్తు కోసం ఏడాదికోసారి చిక్కపేట దాకా పోవడం నాకు మొదట్లో చాదస్తంగా తోచేది.

అలా పదకొండేళ్ళు నడిచాయి. ఒకే పళ్ళెంలో తినకపోయినా, ఒకే లారీ కింద ఇద్దరం ఎన్ని గంటలు పడుకున్నామో. మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళి రాగి ముద్ద తిని, వచ్చేటప్పుడు నా కోసం కాగితంలో ఊరుబిండి పచ్చడి మడిచి తెచ్చేవారు. నా పెద్దమ్మాయికి జ్వరమొస్తే, నేను చెప్పకుండానే నా ముఖం చూసి ఇంటికి పంపేసేవారు. మెచ్చుకోవడం మాత్రం రాదు. నేను వేసిన గేర్‌బాక్స్ మొదటి తోపులోనే కూర్చుంటే, ఊఁ అని వెళ్ళి చేతులు కడుక్కునేవారు. ఆ ఊఁ కోసం నేను రోజంతా కష్టపడేవాణ్ణి.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర చూశాను. చలికేమో అనుకున్నాను. తర్వాత నట్లు జారి పడటం ఎక్కువైంది. నరాల వణుకు అని డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలు వేసుకున్నారు, షెడ్డుకు రావడం మానలేదు. నేను ఏమీ చూడనట్టు ఆయన చేతికి పానాలు దగ్గరగా పెట్టడం, సన్న పనులన్నీ నేనే అందుకోవడం మొదలుపెట్టాను. ఆయనకు తెలియదా అంటే తెలుసు. తెలిసీ ఊరుకున్నారు. కానీ అప్పుడప్పుడు కొత్త ప్లేటును ఒళ్ళో పెట్టుకుని, పాత తువ్వాలుతో తుడుస్తూ కూర్చునేవారు. 

ఏడాదిన్నర కిందట, కోలారు వైపు నుంచి కోళ్ళ దాణా తోలే లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు పెద్దాయన, మాకు పాత మనిషి. గేర్‌బాక్స్ దించాం. నేను దాన్ని తుడుస్తుంటే మేస్త్రీ కొత్త ప్లేటు పట్టుకుని, "ఇది నేనే వేస్తానప్పా," అన్నారు. అప్పటికి రెండు నెలలుగా ఆయన ఆ పని చెయ్యలేదు. వద్దని ఎలా అంటాను? నేను అవతల పక్కకు తిరిగి నా పని చేసుకుంటూ ఉండిపోయాను. బోల్టులు ఆయన చేతిలోంచి జారి సిమెంటు మీద పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తల తిప్పలేదు. చాలాసేపటికి బిగించడం అయింది. వణికే చేత్తోనే బోల్టుల మీద గీతలు గీశారు. గిన్నె లోపల తన సున్న చుట్టారు. ఆ సున్న వంకరగా వచ్చింది.

ఎత్తి తోశాం. రెండు వేళ్ళ సందు దగ్గర ఆగిపోయింది. వెనక్కి లాగి మళ్ళీ తోశాం. షాఫ్టును కొంచెం తిప్పి చూశాం. పోలేదు. ఆయన చెయ్యి పెట్టి చూశారు. చెయ్యి ఊరికే వణుకుతోంది, దానికి ఏం తెలుస్తుంది. డబ్బా మీద కూర్చున్న డ్రైవరు, నాలుగు బోల్టులు వేసి లాగేద్దామా అన్నాడు. వద్దన్నట్టు మేస్త్రీ తల ఊపారు. నేను ఆ సందులోంచి టార్చి వేసి చూశాను. చూడగానే అర్థమైంది.

ప్లేటుకు రెండు ముఖాలుంటాయి. ఒక వైపు నడుమ బొడ్డులా ఉబ్బెత్తుగా ఉంటుంది. అది గేర్‌బాక్స్ వైపు చూడాలి. ఇంజను వైపు తిరిగిందంటే అది పోయి ఇంజను కొసన తిరిగే ఫ్లైవీలు చక్రానికి తన్నుకుంటుంది, షాఫ్టుకు దారి ఉండదు. నాకు బొడ్డు కనిపించాల్సిన చోట చదును కనిపించింది. ప్లేటు తిరగబడి ఉంది. పని నేర్చుకునే మొదటి వారంలో చేసే తప్పు అది. నలభై ఏళ్ళ తర్వాత ఆయన చేతి మీద వచ్చింది.

నేను టార్చి ఆర్పేశాను. ఏమైనా కనపడిందా అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఇద్దరం గేర్‌బాక్స్‌ను కిందికి దించాం. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది. అన్నం తిని వచ్చి చూద్దాం అని ఇంటికి వెళ్ళారు.

నేను చేసిన పని ఇదే. ఆయన వీధి మలుపు తిరగగానే బోల్టులన్నీ విప్పాను, ప్లేటు తిప్పి పెట్టాను, మళ్ళీ బిగించాను. డ్రైవరును నోరెత్తవద్దన్నాను. నా గుర్తు వెయ్యలేదు, ఆయన సున్ననే ఉంచాను. ఆయన పరువు కాపాడుతున్నానని అనుకున్నాను. తప్పు తప్పే అని డ్రైవరు ముందు చెప్పిస్తే ఆయన ఇంకెప్పుడూ ప్లేటు ముట్టుకోరని భయపడ్డాను. ప్రేమ వల్లే చేశాను, అందులో అబద్ధం లేదు. కానీ గుడ్డ మరిచిన రోజు చేతులు కట్టుకుని నిలబడిన మనిషికి ఇలాంటి కాపుదల అవసరమా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆయన తిరిగొచ్చారు. లారీ కిందికి దూరి, టార్చి వేసుకుని చాలాసేపు చూశారు.  బయటికి వచ్చి, రోడ్డు అవతలి షెడ్డులో పెద్ద పానా ఉండాది, తీసుకురాపో అన్నారు. ఆ పానా మా దగ్గరే ఉంది, ఆయన మోకాలి పక్కనే. గుర్తు చెయ్యడానికి మనసు రాక వెళ్ళాను. అవతలి షెడ్డు మనిషి మాటల్లో పెట్టాడు, కొంచెం ఆలస్యమైంది. వచ్చేసరికి గేర్‌బాక్స్‌ను జాకీ మీదికి చేర్చి, పైకెత్తి సిద్ధంగా ఉంచారు, డ్రైవరు సాయంతో. నన్ను వెనక పక్క పట్టుకోమన్నారు.

"తొయ్యప్పా," అన్నారు.

టక్‌మంది. ఆయన అరచెయ్యి ఆనించి, ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉన్నారు. నేను ఊరుకోకుండా, "షాఫ్టు పళ్ళు కలవకుండా ఉండె మేస్త్రీ, సల్ప గ్రీజు వేసినా, అంతే," అన్నాను.

"అట్లనా," అన్నారు.

టీ వచ్చింది. నేను గటగటా తాగేశాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయారు. ఆ గ్లాసు సంగతి అప్పుడు నాకు పట్టలేదు. మరునాటి నుంచి షెడ్డుకు రాలేదు. చేతులు ఇంక చాలంటా ఉండాయి, నువ్వే చూసుకో అని అక్కతో చెప్పి పంపారు. ఆ మరునాడు నేను పెయింటు కుంచె కోసం షెడ్డంతా వెతికాను, దొరకలేదు. వేరేది కొన్నాను.

ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఏయే బండ్లు వచ్చాయో చెప్పేవాణ్ణి. అన్నీ విని, చివర్లో ఒకటే అడిగేవారు.

"దాణా బండి వచ్చిందా?"

రాలేదు మేస్త్రీ, బాగానే ఉన్నట్టుంది అనేవాణ్ణి. వస్తాదిలే అనేవారు. ప్రతి వారం అదే ప్రశ్న. తన చేతి ఆఖరి పని గట్టిగా నిలిచిందా లేదా అని ఆయన దిగులు పడుతున్నారనుకున్నాను. అది మీ చేతి పని కాదు మేస్త్రీ, నేను మార్చాను అని చెప్పడానికి నోటిదాకా వచ్చేది. వణికే ఆ చేతుల్ని ఆయన తొడల కింద దాచుకుని కూర్చోవడం చూసి మింగేసేవాణ్ణి. వచ్చే వారం చెబుదాం అనుకునేవాణ్ణి. అలా వారాలన్నీ అయిపోయాయి.

పదకొండో రోజు కర్మ అయ్యాక అక్క నా చేతిలో ఒక కుంచె పెట్టింది. దాని వెంట్రుకలు పసుపు పెయింటు ఎండి కట్టెలా బిగుసుకున్నాయి. ఆ ఆఖరి రోజు చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడప్పా, కడిగిస్తానంటే ముట్టనీలేదు అంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. తెచ్చి షెడ్డులో మేకుకు తగిలించాను.

మొన్న సోమవారం దాణా బండి వచ్చింది. క్లచ్చు అరిగింది, దాని ఆయుష్షు అది పూర్తిగా బతికింది. డ్రైవరుకు మేస్త్రీ పోయిన సంగతి తెలియదు. చెప్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అదే డబ్బా మీద కూర్చున్నాడు. గేర్‌బాక్స్ దించాను. ప్లేటు బోల్టుల మీద గీతలు చూసి ఆగిపోయాను. ప్రతి బోల్టు మీదా పాత గీత ఒకటి తెగి పక్కకు జరిగి ఉంది. నేను విప్పి బిగించినందుకు తెగిన గీత అది. ఆ రోజు నాకు అది తట్టనే లేదు. దాని పక్కన ఇంకో గీత, వంకరటింకరగా, బోల్టు మీద నుంచి ఇనుము మీదికి తెగకుండా ఉంది. నేను పానా కోసం వెళ్ళినప్పుడు ఆయన ప్రతి బోల్టునూ మళ్ళీ పట్టి చూసి, మళ్ళీ గీత గీశారు.

గిన్నె లోపల నల్లటి పొడి పేరుకుని ఉంది. ఉత్తి గుడ్డతో మెల్లగా తుడిచాను. సున్న కనిపించింది. దాని పక్కన ఒక నిలువు గీత కనిపించింది. నా గుర్తు. నేను వెయ్యని గుర్తు. నిలువుగా గియ్యబోయి, చెయ్యి వణికి, మూడు చోట్ల వంగిన గీత.

ఆయనకు ఆ పొద్దే తెలుసు. నా అబద్ధం విని అట్లనా అన్నప్పుడు తెలుసు. వారం వారం దాణా బండి వచ్చిందా అని అడిగింది ఆయన పని గురించి కాదు. ఆ గీత నేను ఎప్పుడు చూస్తానా అని. నా నోటితో చెప్పడానికి నాకు ఏడాదిన్నర గడువిచ్చి, పక్కన కూర్చుని ఎదురుచూశారు. టీ ముట్టకుండా వెళ్ళింది కూడా అందుకే. చెప్పాల్సిన మాట ఇద్దరి దగ్గరా ఉండిపోయింది. ఆయన తన తప్పు చెబితే నా అబద్ధమూ బయటపడేది. నేను అడ్డం పడకపోతే ఆయన మాట ఆయన ఆ పూటే చెప్పేసి, టీ తాగి, మామూలుగా ఇంటికి వెళ్ళేవారు. నలభై ఏళ్ళ పనిలో ఆఖరి రోజున ఆయనకు ఆ టీ లేకుండా చేసింది నేను.

కొత్త ప్లేటు పెట్టాను, బొడ్డు రెండుసార్లు తడిమి చూసి. బోల్టులు బిగించి గీతలు గీశాను. గుర్తు వేసే ముందు పాతది తుడిచెయ్యాలి, అది నియమం. డీజిల్ గుడ్డ పట్టుకున్నాను కానీ చెయ్యి రాలేదు. ఆ రెంటికీ కింద నా గీత ఒకటి కొత్తగా గీశాను. టీ వచ్చింది. గ్లాసు ముట్టుకోకుండా లేచి నిలబడి, చేతులు కట్టుకున్నాను. ఎదురుగా డ్రైవరు తప్ప ఎవరూ లేరు.

"ప్లేటు తిప్పింది నేనే మేస్త్రీ. మీకు చెప్పకుండా దాచింది నా తప్పు," అన్నాను.

 డ్రైవరు లేచి వెళ్ళి రేడియో కట్టేసి వచ్చి, గేర్‌బాక్స్‌కు ఒక పక్క చెయ్యి వేశాడు. ఇద్దరం తోశాం. టక్‌మని కూర్చుంది. నేను దాని మీద అరచెయ్యి ఆనించాను. ఇన్నేళ్ళూ ఆయన అలా ఎందుకు ఉండిపోయేవారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇనుము చల్లగా ఉంది, అంతే.

సాయంత్రానికి లారీ హోసూరు వైపు కదిలింది. రోడ్డెక్కి మొదటి గేరు వేసి, రెండోది వేసి, చెక్‌పోస్టు వైపు పోతుంటే చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ ఇనుప గిన్నెలో, వెలుతురు పడని చోట, ఆయన సున్న, ఆయన గీసిన నా గీత, నేను గీసిన నా గీత, మూడూ ఆ బండితో పాటు వెళ్ళిపోయాయి.